నీళ్ళ లెక్క

సెల్లార్‌లో నా బండి కింద
రోజూ పొద్దున్నే ఒక తడి మరక.
మొదట దోసకాయంత, తర్వాత పళ్ళెమంత.
వాచ్‌మన్ కొమురెల్లి చీపురుతో చూపించి
"మేడం, మీ బండి ఏడుస్తున్నది" అన్నాడు.
ఏడుపు కాదు కొమురెల్లీ,
అవి ముందు దీపాల ముఖం కడిగే నీళ్ళు.
"దీపాలకు ముఖం కడుగుడేంది?" అని
అతను నవ్విన నవ్వు
మూడో అంతస్తు దాకా వినిపించింది.

నిజమే.
మంచు కురిసే ఊళ్ళ కోసం ఎవరో కనిపెట్టారట.
సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఈ పాత స్కోడాకి
ఆ మర్యాద అట్లాగే మిగిలిపోయింది,
ఉప్పల్ దుమ్ములో, మే నెలలో,
ట్యాంకర్ కోసం ఫోన్ మీద ఫోన్ కొట్టే అపార్ట్‌మెంటులో.

మలక్‌పేట ఖలీల్ భాయ్ బానెట్ కూడా ఎత్తలేదు.
"బోల్టు పెట్టి బంద్ చేసేద్దాం అక్కా,
ఈడ ఎవరికి కావాలె?"

బంద్ చేయడం నాకు రాక కాదు.
పొద్దంతా నా పని గొట్టాలతోనే.
ఎర్ర మూతది మనిషిలోంచి మిషన్‌కి,
నీలం మూతది మిషన్‌లోంచి మనిషికి.
అక్కడ ఎక్కడన్నా కాస్త కారితే
మిషన్ గగ్గోలు పెడుతుంది, నలుగురం పరుగెత్తుతాం.
ఇక్కడ నెల రోజులుగా కారుతోంది,
ఎవరూ అరవలేదు.

ఏడో నంబర్ మంచం బుగ్గయ్య గారు
ముషీరాబాద్ డిపోలో ముప్పై ఒక్క ఏళ్ళు
బస్సుల కింద పడుకున్న మనిషి.
ఇప్పుడు వారానికి మూడు రోజులు, నాలుగేసి గంటలు
మా ఫ్యాన్ కింద పడుకుంటాడు.
సూది గుచ్చేటప్పుడు మాట మళ్ళించడానికి
బండి సంగతి ఎత్తాను.
కళ్ళు తెరిచాడు.
"పంపు దగ్గర చూడకు బిడ్డా, అందరూ ఆడనే చూస్తరు.
కుడికీ ఎడమకీ నీళ్ళు చీలే కాడ టీ ఉంటది.
ప్లాస్టిక్‌ది. వేడికి పెళుసైతది. దాన్ని చూడు."
కాసేపాగి,
"మీ బండే నయం" అన్నాడు,
"నాకు చుక్క రాక నాలుగేండ్లు."

నవ్వాలో వద్దో తెలియక
టేపు అంటించాను.

ఆదివారం.
పాత చీర పరుచుకుని బంపర్ ముందు పడుకున్నాను.
తొమ్మిది స్క్రూలు మాట విన్నాయి.
పదోది తుప్పుతో మొండికేస్తే
కొబ్బరినూనె పోసి బతిమాలాను.
బంపర్ ఊడగానే
ఐదేళ్ళ నగరం ఒళ్ళో పడింది:
వేపాకులు, నిమజ్జనం నాటి రంగు కాగితాలు,
బిర్యానీ పొట్లం రబ్బరు బ్యాండు,
ఎండిన తూనీగ ఒకటి.
టీ అక్కడే ఉంది. వెంట్రుకంత బీట.
వేలు ఆనిస్తే గోరువెచ్చని చుక్క.

రాణిగంజ్ ఆదివారం బంద్.
మా సందు చివర అక్వేరియం షాపు అబ్బాయి
గాలిబుడగల గొట్టానికి పెట్టేది వెతికిచ్చాడు,
నలభై రూపాయలు.
"చేపలేం అనుకోవు లెండి" అన్నాడు.

గొట్టం కొసని వేడినీళ్ళ గ్లాసులో ముంచితే
మెత్తబడి ఒప్పుకుంది.
క్లిప్పు బిగించాను.
మరీ బిగిస్తే తెగుతుంది, వదిలితే కారుతుంది,
ఆ మధ్యది ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పరు.

డబ్బాకి ఐదున్నర లీటర్లు.
బకెట్‌లోంచి మగ్గుతో పోస్తూ లెక్కపెట్టాను.
బుగ్గయ్య గారికి రోజుకి ముప్పావు లీటరు,
చాయ్, చారు, మాత్ర మింగే గుక్కతో కలిపి.
అంటే ఏడు రోజుల దాహం, పైన కొంచెం.
మూత పెట్టబోయిన చెయ్యి
కాసేపు అట్లాగే ఉంది.

లైట్లు వేసి మీట లాగాను.
తాబేలు తలల్లా రెండు బయటికొచ్చి
ఫట్‌మని చిమ్మి
ఏమీ ఎరగనట్టు లోపలికెళ్ళాయి.
కొమురెల్లి లుంగీ తడిసింది.
తిట్టబోయి, మళ్ళీ కొట్టమన్నాడు. కొట్టాను.
ఇంకోసారి అన్నాడు.
వద్దు, ట్యాంకర్ రేపటికి గానీ రాదు.

మంగళవారం ఫోన్‌లో చూపించాను.
వీడియో మూడుసార్లు చూశాడు, సౌండ్ పెంచి.
తర్వాత ఆరిన నేల ఫొటో.
దాని మీదే ఎక్కువసేపు ఆగాడు.
"నీళ్ళు ఎన్ని పట్టినయ్?"
"ఎంతో లేదు, రెండు లీటర్లు" అన్నాను.

"అంత బండికా?
ఐదుకు తక్కువుండదు"
అని కళ్ళు మూసుకున్నాడు.