ఏసీ వెనక వైపు

ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డు మాది.
నేను మేనేజర్ని, అద్దాల గది నాది.

బందరు రోడ్డు హోటల్లో రెండు రోజుల శిక్షణకి పంపాడు ఓనరు.
తెర మీద పిరమిడ్లు, బాణాలు,
మనిషిని ముందుకు తోసే అయిదు సూత్రాలు.
భోజనంలో రెండు స్వీట్లు.
తిరిగొచ్చి గోడకి ఓ బోర్డు కొట్టించాను:
‘ఈ నెల మేటి పనిమంతుడు.’
కింద ఫొటోకి జాగా.

మొదటి ఫొటో నాంచారయ్యది.
మర్నాటికి దానికి గ్రీజు మీసాలు.
దిద్దింది నాంచారయ్యేనని
చాలా రోజులకి తెలిసింది.

రెండో నెల రివెట్టుకింతని లెక్క కట్టాను.
రివెట్లు పెరిగాయి, ఉడకని మెతుకుల్లా.
హనుమాన్ జంక్షన్ దాటకముందే
ఓ లారీ వెనక తలుపు ఊడి
నడిరోడ్డు మీద పడుకుంది.
ఎవరు కొట్టారీ రివెట్లని అడిగితే
షెడ్డులో సుత్తులన్నీ ఒక్కసారే మోగాయి.
నా గొంతు నాకే వినపడలేదు.

మూడో నెల రిజిస్టరు తీశాను.
ఎనిమిదీ అయిదు దాటితే అరపూట కోత.
అక్షరాలు రాసే ఖాసిం పీరా
ఎనిమిదీ ఏడుకొచ్చాడు. కోశాను.
ఏమీ అనలేదు.
సాయంత్రం అయిదు కొట్టగానే
‘శుభప్రయాణం’ మధ్యలో కుంచె కడిగేశాడు.
ఆ లారీ రాత్రంతా
‘శుభప్రయా’ అంటూ నిలబడింది.

రోహిణి కార్తె వచ్చింది.
బెజవాడ ఎండ గురించి చెప్పేదేముంది,
రేకు మీద నీళ్ళు చల్లితే
తడి మరకైనా మిగలదు.
వెల్డింగు ఎందుకింత ఆలస్యమని నిలదీద్దామని
ఏసుపాదం పక్కన గొంతుక్కూర్చున్నాను.
నా మెడ మీద ఎవరో ఊపిరి వదిలారు.
మంట ముందుంది కదా, ఈ సెగ వెనకనుంచేమిటి?
తిరిగి చూస్తే
నా గది ఏసీ డబ్బా.
లోపల నాకు చల్లగా ఉన్నంతసేపూ
ఇక్కడ ఇతని వీపు మీద
వేడి కుమ్మరిస్తోంది.

“ఎన్నాళ్ళ నుంచి?”
“గది కట్టినప్పట్నుంచి సార్.”
“మరి చెప్పలేదేం?”
వెల్డింగు అద్దం పక్కన పెట్టి
నా చొక్కా వైపు చూస్తూ అన్నాడు:
“మీ ముందాయనకి చెప్పాను సార్.
ఆయన నా పేరు రాసుకున్నాడు.”

ఓనర్ని అడగలేదు.
నా జేబులోంచి రెండు వేల ఎనిమిది వందలు.
మెకానిక్కొచ్చి పైపు పెంచి
డబ్బాని కప్పు మీదికి ఎక్కించాడు.
ఎవరూ థాంక్సు చెప్పలేదు.
ఖాళీ అయిన చోట ఏసుపాదం
తన క్యారేజీ పెట్టుకున్నాడు, అంతే.

ఖాసిం పీరానీ అడిగాను, ఆ ఏడు నిమిషాలేమిటని.
“రైలు గేటు పడింది సార్, గూడ్సు.
యాభై ఎనిమిది పెట్టెలు. లెక్కపెట్టాను.”
కోసిన అరపూట కొట్టేసి
‘పొరపాటు నాది’ అని రాసి సంతకం పెట్టాను.
రిజిస్టర్లో దానికి గడి లేదు,
అంచు మీద ఇరికించాను.

జూన్లో ఓ శనివారం.
సోమవారానికి రాజమండ్రి పోవాల్సిన లారీ,
పొద్దుగూకగానే పోయిన కరెంటు.
హోటల్లో నేర్పిన మాటలు కూడదీసుకుని
గదిలోంచి బయటికొచ్చాను.
నాంచారయ్య సెల్లు లైటు పట్టుకున్నాడు.
ఏసుపాదం, తన పని కాకపోయినా,
నిచ్చెన కాలు తొక్కిపెట్టి నిలబడ్డాడు.
పైన ఖాసిం పీరా
‘ప్రయాణం’ చివరి సున్నా చుడుతున్నాడు,
అది తప్ప లోకంలో ఇంకో అక్షరం లేనట్టు.

ఏసీ డబ్బా వల్లనా?
ఆ అంచు మీద రాత వల్లనా?
లేక వాళ్ళు ముందునుంచీ ఇంతేనా,
నేనే వేడి వదులుతూ కూచున్నానా?
అడిగితే రంగు చెదురుతుందని అడగలేదు.

గోడ మీది బోర్డుకిప్పుడు కుంచెలు తుడుస్తున్నారు.
నెలనెలా బాగుపడుతోంది.

ఆ రాత్రి నేనే వెళ్ళి
ఫ్లాస్కులో టీ పోయించుకొచ్చాను.
నాంచారయ్య ఓ గుక్క తాగి మొహం చిట్లించాడు.
చక్కెర చాల్లేదని తిట్టాడు,
మొదటిసారి,
నా మొహం మీదే.