ఉల్లిపొర రెక్కలు

రోహిణి కార్తె ఆఖరు రోజు
దేవరకొండ బస్టాండు వెనక నా షాపు రేకుల మీద
నాలుగు చినుకులు పడ్డయి.
ట్యూబులైటు చుట్టూ ఉసిళ్ళు.
కటింగు బల్ల మీద రాలిన రెక్కలు
ఊదితే లేస్తయి, ఊదకున్నా లేస్తయి.
మిషను ఆపిన.

ఒక ఉసిలిని స్కేలు పక్కన పెట్టిన.
ఒళ్ళు పావు ఇంచి, రెక్క ముప్పావు.
కొలత తీసుకోకుండ
ఇన్నేండ్లల్ల ఎవరికీ ఏదీ కుట్టలే నేను.

సన్న గాలానికి
ఎవరిదో జాకెట్టు కోసం తెచ్చిన బెల్లంరంగు దారం,
మెడ కాడ కోడిపుంజు ఈక రెండు చుట్లు
(చికెన్ సెంటరు జాంగీరు ఉట్టిగనే ఇస్తడు,
ఎందుకని అడగడు, నవ్వుతడు).
రెక్కలకు ఉల్లిపొర.
అంత పల్చని గుడ్డ
నా కత్తెర కిందికి ఎన్నడు రాలే.

మబ్బులనే బండి తీసిన.
నేరేడుగొమ్ము దాటినంక గుట్టలు పక్కకు జరిగి
కృష్ణ కనిపిస్తది, నది లెక్క కాదు,
ఎవరో పరిచి మడత పెట్టుడు మర్చిన తాను లెక్క.
ఒడ్డున వైజాగ్ కాలనీ.
పేరుల సముద్రమున్నది, నీళ్లల్ల లేదు.

చోడిపల్లి ఎర్రయ్య వల ఆరేస్తున్నడు.
డ్యాం నిండిన కొత్తల
వాళ్ల నాయిన తెప్ప అమ్ముకొని ఇటొచ్చిండట,
ఎర్రయ్యకు అప్పుడు ఆరేండ్లు.
నా గాలం అరచేతుల పెట్టుకొని చూసిండు.
"ఏటిది దర్జీబాబూ, ఈగా?"
"ఉసిలి."
"దీనికి సేప పడతాదేటి? సేపకి కళ్ళు లేవేటి?"
"కళ్ళున్నయనే గద ఇంత కుట్టింది."

వాగు వొచ్చి కలిసే మూల
కొత్తనీళ్లు ఎర్రగ, పాతనీళ్లు పచ్చగ,
నడుమ కుట్టు కనబడని అతుకు.
ఆ గీత మీదనే ఉసిళ్ళు తేలుతున్నయి,
ఆ గీత కిందనే మూతులు.
ఏడాదిల పది రోజుల ముచ్చట ఇది.
మృగశిర ముదిరితే అంతా బురద,
చేప అడుక్కు పోతది,
నేను బడి యూనిఫారాలల్ల మునుగుత.

మోకాలు లోతుకు దిగిన.
వెదురు కట్టె. పన్నెండు పోగుల దారం
ఆరై, మూడై, కొసకు ఒక్కటై.
వెనక్కి విసిరినంక ఆగాలె,
దారం గాలిల సాపైందాక ఒక్క ఊపిరి.
అప్పుడు ముందుకు.
ఆ ఆగుడు నేర్వనీకె మూడు వానకాలాలు పట్టింది.

తుమ్మకంపకు రెండు ఉసిళ్ళు పోయినయి.
ఒకటి నా అంగికే కుట్టుకున్నది.
ఎర్రయ్య బీడీ ముట్టించి
సముద్రం సంగతి చెప్తుండు, నాకు కాదు, నీళ్లకు.
అక్కడ చేప తీసినంక చెయ్యి నాకితే ఉప్పట.
"ఈడకొచ్చి యాభయ్యేళ్ళు.
ఇప్పుటికీ నాకతాను. అలవాటు."

నీళ్లు చిటికేసినయి.
దారం బిగుసుకొని సన్నగ మూలిగింది,
కట్టె వొంగి నా మోచేతుల దాక వొణికింది.
మూరెడు చేప. దాని పేరు
ఎర్రయ్య ఒకటన్నడు, మా బాపు ఇంకోటి అంటుండె.
మోకాళ్ళ కాడికి వొచ్చి పక్కకు తిరిగితే
పొలుసుల మీద పొద్దు పొడిచింది.
మూతి మూలకు నా ఉసిలి.
ఒక్క రెక్క కూడ చినగలే.

ఏమనుకున్ననో నాకే తెల్వది.
కుట్టు పూర్తయితే చేసే పని చేసిన,
వొంగి, పంటితో దారం తెంపిన.

"ఓర్నాయనో! కూరెల్లిపోనాది గదా!"
ఎర్రయ్య బీడీ నీళ్లల్ల పడ్డది.
నా నోట్ల తడి దారం ముక్క.
ఉప్పు లేదు.
ఆయనకు చెప్పలే.

పద, పొద్దెక్కింది.
టీచరమ్మ జాకెట్టు సాయంత్రానికియ్యాలె,
బెల్లంరంగు దారం గజమన్న మిగిలిందో లేదో,
హుక్కులైతే ఇంకా కుట్టనే లేదు.