కత్తికి కట్టిన బాసికం

మల్లేశ్వరంలో
కాఫీపొడి మర ఆడే కొట్టు పైన మా ఆఫీసు.
గోడ నిండా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లు,
మెట్ల మీదుగా ఎక్కివచ్చే చికోరీ వాసన.
ఇక్కడ కూర్చుని నేను
నూటనలభై మందికి యజమానిని.
వాళ్ళలో ముప్పైమంది ముఖాలైనా ఎరగను.

వాళ్ళు పనిచేసేది వేరెవరికో.
ఆ వేరెవరికో ఈ దేశంలో
గుమ్మం లేదు, బోర్డు లేదు, పాన్ నంబరు లేదు.
అందుకని నా పేరు.
వెనకటికి వరుడు రాలేని పెళ్ళిలో
అతని కత్తిని పీటల మీద పెట్టి
దానికి బాసికం కట్టేవాళ్ళంట,
మా హిందూపురం అవ్వ చెప్పేది.
ఆ కత్తిని నేను.

ఫిన్లాండు నుంచి యుహా, మొదటి రోజు,
తెర మీద, వెనక కిటికీ నిండా తెలుపు:
"పదకొండు మంది కావాలి.
మంచు తోసే బండ్లకు దారి చెప్పే పని.
ఏ వీధి ముందు, ఏ వీధి తర్వాత."
మంచంటే ఫ్రీజరు గోడ మీదే చూసినవాళ్ళని
పదకొండు మందిని వెతికి ఇచ్చాను.

ప్రశ్నలు చాలా అడిగేవాడు. మంచివాడే, పాపం.
నెలకి రెండొందల వృత్తిపన్ను, ఏ వృత్తికి?
ఏ వృత్తికైనా.
నవంబరు ఒకటిన సెలవెందుకు?
ఈ రాష్ట్రం పుట్టినరోజు.
గ్రాట్యుటీ అంటే?
ఐదేళ్ళు కదలకుండా ఉన్నందుకు
ఏడాదికి పదిహేను రోజుల జీతం.
"అంటే నమ్మకానికి మీ దగ్గర లెక్కుందన్నమాట!"
నవ్వాడు. నేనూ నవ్వాను.
ఐదు అనే అంకెని అతను రాసుకోవడం
చూశాను.

తిప్పేస్వామిది చిత్రదుర్గం పక్క, వాన మొహం వాచిన ఊరు.
అక్కడ మంచు పడ్డ రాత్రి ఇక్కడ అతనికి నిద్ర లేదు.
ఒక అక్టోబరు ముసురులో
వర్తూరు చెరువు వాళ్ళ మేడమెట్ల దాకా వచ్చింది.
రెండో మెట్టు మునిగితే మూడో మెట్టు మీద కూర్చుని
ఒళ్ళో లాప్‌టాపుతో
ఎన్నడూ చూడని ఊళ్ళో
బడికి వెళ్ళే దారి ముందు తెరిపించాడు.
అతని వీధికి పడవ
మర్నాడు పదకొండింటికి వచ్చింది.
నా దగ్గరున్న పట్టీలో ఆ రోజుకి
'హాజరు' అని ఉంది, అంతే.

నాలుగేళ్ళ ఏడు నెలలకి మెయిలు.
రెండు వాక్యాలు, మూడోది క్షమాపణ.
ఇంకో ఐదు నెలలు ఆగమని అడగొచ్చు.
రాశాను కూడా.
వాళ్ళ పోలండు ఖాతా పై నెల నా చేతికి రావాల్సి ఉంది.
పంపలేదు.

పదకొండు ఉత్తరాలు, నా లెటర్‌హెడ్డు.
నోటీసు కాలం, మిగిలిన సెలవుల డబ్బు, పైసాతో సహా.
చట్టం వేలెత్తే సందు లేదు.
అదే కదా నేను అమ్మే సరుకు.
ఏడో ఉత్తరం దగ్గర కరెంటు పోయి
కింద మర ఆగింది.
మిగతా నాలుగూ చీకట్లోనే,
చేతి అలవాటు మీద.

తిప్పేస్వామి వచ్చాడు, సంచీతో, హెల్మెట్టుతో.
"నీవేనా మేడమ్?" అన్నాడు.
కన్నడంలో అది మర్యాదే.
తెలుగు చెవికి నిలదీసినట్టుంది.
"ఇన్నేళ్ళూ జీతం చీటీ మీద మీ పేరే.
ఎలా ఉంటారో అనుకునేవాణ్ణి."

లాప్‌టాపు ఒకటి. ఛార్జరు ఒకటి. గుర్తింపు కార్డు.
సంచీ అడుగు నుంచి చివరగా
నీలం ఉన్ని టోపీ, కొసన కుచ్చు,
ఎవరో ఒక డిసెంబరులో పంపినది.
"ఇదీ ఇవ్వాలా?"
జాబితా రెండుసార్లు వెతికాను.
"లెక్కలో లేదు. ఉంచుకోండి."

దాన్ని మడిచి హెల్మెట్టులో దోపుకుని
సగం మెట్లు దిగి, ఆగి, పైకి చూశాడు.
"అక్కడ ఇవాళ పడుతోందా మేడమ్, మంచు?"

తెలీదు.
నాలుగేళ్ళలో ఒక్కసారీ
చూడాలని తోచలేదు.