తరుగు

నిమ్మకాయల బస్తాల లెక్క రాసే బుక్కులనే
వెనక పేజీ నుంచి మొదలువెట్టిన ఆ ఏడు ఆట.
ముందు నుంచి కాయ, వెనక నుంచి కబడ్డీ.
రెండు యాడ కలుస్తయో చూద్దాంతీ అన్నడు సేటు
జెర్సీలకు పదిహేను వేలిచ్చి.

నకిరేకల్ మార్కెట్ జట్టు మాది.
ఆడితే మూడు వందలు, గెలిస్తే ఐదు,
ఓడితే చాయ.
పగలు హమాలీలు, రాత్రి ఆటగాళ్లని పేపరోడు రాసిండు.
తప్పు.
నిమ్మకాయ లారీలు రాత్రి రెండింటికొస్తయి.
హమాలీ పనే రాత్రిది, ఆట పొద్దుగూకేటిది,
నిద్ర ఎప్పటిదో ఎవరూ రాయలే.

మొదటి మూడు ఓడినం.
హాలియల, కోదాడల, ఆఖరికి సొంతూర్ల.
సొంతూర్ల మా రైడర్ మల్సూర్
కూత మధ్యల ఊపిరి తెగి గీత మీద కూలవడ్డడు.
జనం నవ్వలే. నవ్వినా బాగుండు.
తెల్లారి బస్తా దించుకుంట అడిగిండు,
"రాసినవా?"
రాసిన.
"కొట్టెయ్యకు."

డ్రిల్ సారు ఇన్నయ్య రిటైరై రెండేండ్లు.
చెప్పిందల్లా ఒక్కటే:
"బస్తా లేపేటప్పుడు ఊపిరి యాడ దాస్తరో
కూత గూడ ఆడ్నే దాయుండ్రి."

ఇగ ఆ రాత్రి నుంచి
లారీ కాడికెల్లి కాటా దాక
నెత్తి మీద బస్తా, నోట్ల కబడ్డీ కబడ్డీ కబడ్డీ,
నలభై రెండడుగులు, ఒక్క కూత.
కొత్త వాచ్‌మన్ భయపడి
సేటుకు ఫోన్ గొట్టిండు.

ఎనిమిది వరుసగ గెలిచినం.
పర్వతాలు పేరుకే పర్వతాలు, యాభై రెండు కిలోలు,
చీలమండ దొరికిందంటే తుమ్మజిగురు.
సైదులు ఎడమ మూలకు నిలవడితే
అటు దిక్కు గీతే లేనట్టు చూసేటోళ్లు రైడర్లు.
అదే నెలల కాయ ధర పడ్డది.
బస్తాకు నాలుగొందలు, మూడొందలు, నూటా ఎనభై.
కట్టంగూరు రైతొకాయన ట్రాక్టరు నిండ కాయ
రోడ్డు పక్కన పారవోసి
అదే ట్రాక్టర్ల మమ్ముల దేవరకొండ ఆటకు తోలుకవోయిండు.
కూసున్న కాడల్లా నిమ్మ వాసన.
ముందు పేజీలల్ల దిగుకుంట,
వెనక పేజీలల్ల ఎక్కుకుంట నా చెయ్యి.

ఎలిమినేటర్ల మిర్యాలగూడ రైస్‌మిల్లోళ్లను దాటినం.
వనపర్తి సెమీస్ల సైదులు భుజం దిగింది.
చప్పుడు నాకు స్కోరు బల్ల కాడికి ఇనవడ్డది.
లేచి నిలవడి, కుడి చెయ్యితోనే ఇంకొకణ్ని వట్టిండు.
ఒక్క పాయింటు.
ఆ పాయింటుతోనే పాలమూరు చేరినం.

పాలమూరుల మ్యాటు. మట్టి తెలిసిన కాళ్లు
మ్యాటు మీద జారినయి.
ఆఖరి రైడుకు ఇరవై ఏడు, ఇరవై ఏడు.
మల్సూర్ వోయిండు, ఒకన్ని తాకిండు, మలిగిండు,
ముగ్గురు మీదవడ్డరు.
నేను స్కోరు చూస్తలే, అడుగులు లెక్కవెడ్తున్న.
ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది.
కుప్ప కింది నుంచి కూత సన్నగ,
బస్తా కింద నలిగిన కూత,
నలభై ఒకటి,
గీతకు అవుతల చిటికెన వేలు గోరు.

డీసీఎం ఎక్కి జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ మీదుగ
మార్కెట్ చేరేటాళ్లకు మూడు.
లారీలు నిలవడి ఉన్నయి.
ఎవరూ ఇంటికి వోలే.
దించవోయే ముందు కప్పును కాటా మీద వెట్టిండ్రు.
రెండు కిలోల నాలుగొందలు.
"తరుగు తియ్యవా?" అన్నడు ఖాజా.
అందరం నవ్వినం.
సైదులు గూడ నవ్విండు,
చెయ్యి మెడకు కట్టుకోని, ఖాళీ సంచుల మీద కూసోని.
ఇప్పుడు సంచులు కుట్టే పని ఆయనది, రోజుకు సగం కూలి.

ఎండకాలం బుక్కు నిండింది.
ముందు లెక్క, వెనక లెక్క దగ్గరికొచ్చి
నడుమ ఒక్క కాయితం మిగిలింది.
సేటు అడుగుతనే ఉన్నడు, ఏమైంది ఆ పేజీ అని.
ఆ తరుగు ఏ దిక్కు నుంచి రాయాల్నో తెల్వక
అట్లనే వదిలిన.