కొట్టేసిన తొమ్మిది

చాంగ్‌షూ వచ్చేటప్పటికి నాకు ఇరవై మూడు.
గాన్ నది మీంచి వచ్చే తేమకి
దుకాణం తలుపు చెక్కలు ఉబ్బిపోయి
భుజం వేసి నెడితే గానీ కదిలేవి కావు.
లోపల గోడంతా సొరుగులు.
ఎందులో ఏ వేరుందో, ఏ బెరడుందో
కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి.
మూడొందల కషాయాలు పద్యాలుగా కంఠతా వచ్చు.
ఎక్కడ ఆపినా అక్కణ్ణించి అందుకునేవాణ్ణి.

అన్నీ విని, ఓయాంగ్ రుయ్‌షిన్ గారు
నా చేతికి ఒక కత్తి ఇచ్చారు.

తెల్ల పియొనీ వేరు తరగాలి.
ఎంత పల్చగా అంటే
అరచేతిలో పెట్టుకుని ఊదితే ఎగరాలి.
నావి ఎగరలేదు.
శీతకాలం వెళ్లింది, వానలొచ్చాయి, నావి ఎగరలేదు.
వేళ్లకి గుడ్డ కట్లు.
కాలేజీలో నా వెనక బెంచీ వాడు అప్పటికే
నాన్‌చాంగ్‌లో తెల్లకోటు వేసుకుని, పేరున్న బోర్డు కింద
ఫొటో దిగి పంపాడు.

ఒకరోజు నాడి చూడమన్నారు.
రేవులో చేపలమ్మే పెంగ్ గుయ్‌ఝి.
నలభై రాత్రులుగా నిద్ర లేదట.
మణికట్టు మీద పొలుసు ఒకటి అంటుకుని మెరుస్తోంది.
మూడు వేళ్లు ఆన్చాను.
"తీగ నాడి" అన్నాను, పుస్తకం పేజీతో సహా.
పన్నెండు మూలికలు రాశాను.
పన్నెండూ తప్పు కాదు, ఇప్పటికీ చెప్తాను,
ఒక్కటీ తప్పు కాదు.

ఆవిడ చీటీ వైపు చూడలేదు.
ఆమె చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని
చాలాసేపు ఊరుకుంది.
బయట ఎవరో సైకిల్ బెల్లు కొట్టారు.
గుయ్‌ఝి ఉలిక్కిపడలేదు గానీ
తల కొంచెం, కొంచెమే, ఆ వైపు తిరిగింది.

"రాత్రిళ్లు ఏ చప్పుడు కోసం వింటున్నావమ్మా?"

చేపల మనిషి నవ్వింది. తర్వాత నవ్వలేదు.
మొగుడి ఇసుక పడవ.
ఆ ఇంజను దగ్గు ఆమెకి మైలు దూరాన్నించే తెలుస్తుంది.
వసంతంలో వరదొచ్చినప్పట్నించి
ఆ దగ్గు వినపడేదాకా కన్ను మూతపడదు.
వినపడ్డాక తెల్లారిపోతుంది.

తీగ బిగిసి ఉందని చెప్పగలిగాను.
ఎవరు మీటుతారని బిగిసిందో
అడగాలని తోచలేదు నాకు.

ఆవిడ నా చీటీలో తొమ్మిది కొట్టేసింది.
"ఈ మూడూ ఆమెకి.
ఈ తొమ్మిదీ నీకోసం రాసుకున్నావు."
ఆ మాట అన్నప్పుడు గొంతులో కోపం లేదు.
పప్పులో రాయి ఏరి పక్కన పెట్టినట్టు అంది, అంతే.

చెవులు కాలాయి నాకు.
వారం రోజులు మాట్లాడలేదు.
కసిగా వేరు తరుగుతూ కూర్చున్నాను.
మొదటి ముక్క ఎప్పుడెగిరిందో గమనించనే లేదు.
బల్ల మీంచి తుమ్మితే పోయింది.

పద్నాలుగేళ్ల తర్వాత
ఆవిడ మంచం పక్కన కూర్చున్నాను.
"చూడు" అని చెయ్యి చాపింది, పరీక్ష పెడుతున్నట్టు.
ఆనిన మూడు వేళ్ల కింద
వాన వెలిశాక చూరు కారుతున్నట్టు
ఒక బొట్టు.
చాలాసేపటికి
ఇంకో బొట్టు.
దానికి ఒక పేరుంది. పాత పుస్తకాల్లో, ఆఖరి పేజీల్లో.
నాలుక చివరిదాకా వచ్చింది.
నల్లేరు కాదు, వేప కాదు,
మా సొరుగుల్లో అన్నిటికన్నా చేదైన ఆ పసుప్పచ్చ వేరు
నమిలి మింగినట్టు మింగాను.

"ఏమంటోంది?" అంది.
"కాళ్లు చల్లగా ఉన్నాయంటోంది" అన్నాను.
వేణ్ణీళ్లు కాచి తెచ్చాను.
పాదాలు నీళ్లలో పెట్టుకుని
ఆవిడ నావైపు చూసిన చూపుకి
ఏ పద్యమూ లేదు.

ఇవాళ నా దగ్గర ఒక పిల్ల నేర్చుకుంటోంది, జియాంగ్ మియావో.
చురుకైంది. అన్నీ వచ్చు.
పొద్దున్న ఒక ముసలాయన కోసం పద్నాలుగు రాసింది.
కలం పట్టుకున్నాను.
ఎన్ని కొట్టెయ్యాలో
నాకింకా పూర్తిగా తెలీదు.
బయట సన్నగా వాన.
కత్తి ఎక్కడుందో వెతకమన్నాను.