చేబదులు

ఆ ముందు చక్రం నాది.
ఫోటోలో దగ్గరగా చూడండి,
ఒక పుల్లకు ఎర్ర దారం చుట్టి ఉంటుంది.
మా చిన్నది లెమ్లెమ్ కట్టింది,
సైకిల్ ఎవరైనా ఎత్తుకుపోతే గుర్తుపట్టడానికట.

మెబ్రాత్ కాఫీ బారులో, మిషను పైన,
ఆవిరికి ఉబ్బి, అంచులు లేచి
పదకొండేళ్లుగా వేలాడుతోంది ఆ ఫోటో.
ఆదివారం తొక్కడం అయ్యాక అందరం అక్కడే.
మా బూట్లు గచ్చు మీద టకటకమంటే
"గుర్రాలొచ్చాయి" అని పాలు పొంగిస్తుంది మెబ్రాత్.

అస్మారా నుంచి నెఫాసిత్ దాకా
దిగడం ఎవడైనా దిగుతాడు.
తిరిగి ఎక్కేటప్పుడు తెలుస్తుంది
ఎవరి కబుర్లు ఏ వంపు దాకా వస్తాయో.
మొదటి వంపులో ఫుట్‌బాల్,
రెండో వంపులో పెళ్లి సంబంధాలు,
నాలుగోది దాటాక గొలుసు చప్పుడొక్కటే.

ఎదురుగాలి లేస్తే
ముందున్నవాడు మోచెయ్యి ఆడిస్తాడు.
నా వంతు అయింది, ఇక నువ్వు రా, అని.
మంగలి ఒక్బాయ్ నాకు రొట్టెల డబ్బు బాకీ.
అయినా అతని వీపు చాటున నేను,
నా వీపు చాటున అతను.
బాకీ సంగతి అక్కడ
నిజంగానే గాలికి వదిలేస్తాం.

ఆ రోజు రేసు.
కొండ మీద మబ్బు చతికిలబడి ఉంది.
పిట్టగోడ మీద మేం:
మేకల్ని వదిలేసి వచ్చిన పిల్లలు,
ఒంటెను ఆపుకున్న ముసలాయన, ఇద్దరు నన్‌లు.
పళ్లెం, గరిట, పాల డబ్బా,
చేతికి దొరికిందల్లా మోగుతోంది.
ముందు హారను. తర్వాత మోటారు సైకిలు దీపం.
ఆ తర్వాత మబ్బును చీల్చుకుని ఒక్కడే, సెనాయ్,
నోరు తెరుచుకుని, చెంపల మీద ఉప్పు చారలతో.

సరిగ్గా మా ముందుకొచ్చి, ఫట్.

టీం కారు ఎక్కడో కింద
లారీ వెనక ఇరుక్కుందట.
అతను అరవలేదు, తిట్టలేదు.
రోడ్డు కిందికి చూశాడు,
నా సైకిల్ వైపు చూశాడు,
నా వైపు మాత్రం చూడలేదు.
అడగడానికి సిగ్గుపడేవాడికి
ఇవ్వడం ఎంత తేలికో!

పద్నాలుగు సెకన్లు పట్టిందంటాడు ఒక్బాయ్.
ముప్పై అంటుంది మెబ్రాత్,
ఆమె ఆ రోజు అక్కడ లేనే లేదు.
ఎనిమిదిమంది కలిసి తోశాం.
తోసిన నన్ ఒకామె
అదే చేత్తో సిలువ గుర్తు వేసుకుంది.

గెలిచాడా, అని అడుగుతారు కొత్తవాళ్లు.
ఏడోవాడు.
ఊరు కనబడుతుండగా ఆరుగురు మింగేశారు.
గెలిచి ఉంటే ఈ కథ అతనిదయ్యేది.
ఏడోవాడయ్యాడు, మా అందరిదీ అయింది.

నేను మిగిలిన సైకిల్ భుజాన వేసుకుని
పదకొండు కిలోమీటర్లు నడిచాను.
"ముందు చక్రమేదయ్యా?" అన్నవాళ్లందరికీ
"ముందే వెళ్లింది" అన్నాను.

మూడు వారాలకు చక్రం ఇంటికొచ్చింది.
అబ్రెహెత్ దగ్గర టైరు కొత్తగా కుట్టించి,
వంకరలు తీయించి, తుడిచి తెచ్చాడు.
ఎర్ర దారం లేదు.
అడిగితే సెనాయ్ నేల చూపులు చూశాడు.
నేనూ రెండోసారి అడగలేదు.

లెమ్లెమ్‌కి ఇప్పుడు పదిహేడు.
పోయిన ఆదివారం ఆరో వంపులో
నా ముందు తొక్కుతూ మోచెయ్యి ఆడించింది.
నా వంతు.
లేచి నిలబడి తొక్కాను. కాళ్లు రాలేదు.
ఆమె ఒక పన్ను తగ్గించి
ఆ గాలినంతా
ఇంకో వంపు దాకా తనే మోసింది.
"రాసుకో నాన్నా" అంది,
వెనక్కి చూడకుండా.