స్తంభం వెనక సీటు

రాయపేటలో మా ఆఫీసు రెండో అంతస్తు.
లిఫ్టు లేదు.
అందరికీ అందే టికెట్ పేజీ చేస్తున్నామని
తలుపు మీద కాగితం అంటించి ఉంది.

అందుకని పరీక్ష కింద,
నాయర్ టీకొట్టు బెంచీ దగ్గర జరిగింది.
కనకవల్లి చక్రాల కుర్చీలో,
మునిరత్నం గారు బెంచీ చివర, మోకాళ్ళ మధ్య తెల్లకర్ర.
నా ల్యాప్‌టాప్ పక్కనే ఎవరో తాగి పెట్టిన గ్లాసు,
దాని అంచున ఒక ఈగ.

నేను గీసిన సభ పటం చూడ్డానికి బాగుంటుంది.
నాలుగు వందల ఇరవై సీట్లు,
ఖాళీవి దోరమామిడి రంగు, నిండినవి బూడిద.
మునిరత్నం గారి ఫోను దాన్ని ఇలా చదివింది:
బటన్. బటన్. బటన్. బటన్.
"ఏమ్మా, ఇన్ని గుండీలు కుట్టావు,
చొక్కా ఏదీ?" అన్నారాయన.

పోర్టులో ముప్పై రెండేళ్ళు టెలిఫోన్ బోర్డు నడిపిన వేళ్ళు,
ఏ తీగ ఏ గదికి పోతుందో కలలో కూడా తెలిసిన వేళ్ళు
నా పేజీలో దారి తప్పి తిరిగాయి.
మూడో వరసకి చేరేసరికి
గడువు ముగిసింది, మళ్ళీ మొదటినుంచి రండి, అంది ఫోను.
ఐదు నిమిషాలు పెట్టింది నేనే.
ఐదే ఎందుకని ఎవరూ అడగలేదు.

తర్వాత బొమ్మలొచ్చాయి.
మీరు మనిషేనని రుజువు చేసుకోండి,
ట్రాఫిక్ దీపాలున్న గళ్ళు నొక్కండి.
ఆయన ఫోను ఒళ్ళో పెట్టుకుని కాసేపు నవ్వారు.
"అరవై ఎనిమిదేళ్ళుగా అదే పని మీదున్నానమ్మా."

కనకవల్లికి పేజీ అడుగున ఒక సన్నటి వాక్యం:
చక్రాల కుర్చీవారు ఈ నంబరుకు ఫోన్ చేయగలరు.
చేసింది. మోగింది. మోగింది.
నాయర్ పాలు పైకెత్తి పోయడం ఆపి విన్నాడు.
నాలుగోసారి ఎవరో ఎత్తారు.
కుర్చీకి జాగా ఉందట, ముందు వరసలోనే,
తోడొచ్చేవాళ్ళకి మాత్రం బాల్కనీ.
"మా ఆయన పైనుంచి నాకు మంచినీళ్ళు విసురుతాడా?"

వినపడని ఆమె తమ్ముడు
ఘటం మీద చేతులు చూడ్డానికి ఏటా వస్తాడు.
వాడు ఆ నంబరుతో ఏం చేసుకోవాలో ఆమె అడగలేదు.
నాకే తోచింది, ఇరవై తొమ్మిది సి బస్సులో, అడయార్ దాటాక.

రెండు వారాలు కూర్చున్నాను.
ప్రతి సీటుకీ పేరు పెట్టాను. గడియారం తీసేశాను.
బొమ్మలు తీసేశాను. తోడు సీటు పక్కకి తెచ్చాను.
ఇంకో తెలివైన పని కూడా చేశాను:
స్తంభాల వెనక ఆరు సీట్లు ఎవరూ కొనరు కదా,
చూపు లేనివారికి సగం ధర, అని రాసి
నా భుజం నేనే తట్టుకున్నాను.

మునిరత్నం గారు టీ ఊదుకుంటూ విన్నారు.
"స్తంభం కంటికే అడ్డమనుకున్నావా తల్లీ?
వయొలిన్ దానికి కొట్టుకుని పక్క వరసలోకి పోతుంది.
నాకు మిగిలేది ఎవరిదో దగ్గు.
ఈ ఊళ్ళో కీర్తన తెలుగులో పాడతారు,
పక్కవాడికి రాగం చాలు, తల ఊపి సంతోషపడతాడు.
నాకు మాట కావాలి. ప్రతి అక్షరం.
ఐదో వరస, నడవా పక్కన. పూర్తి ధరకే."

నేనేం మాట్లాడలేదు.
ఆ వాక్యం చెరిపేశాను, అక్కడే, ఆయన పక్కనే కూర్చుని.

ధనుర్మాసం ఇంకా వారముందనగా
ఆయనే కొనుక్కున్నారు, అదే బెంచీ మీద.
ఐదో వరస, పదకొండు, నడవా పక్కన,
మెట్లు లేవు, ఖాళీ, అంది ఫోను.
ఆయన వేలు వెనక్కి జరిగింది.
ఖాళీ, అని ఇంకోసారి విని
అప్పుడు నొక్కారు.

లిఫ్టు గురించి ఇంటి ఓనరుకి రాసిన ఉత్తరానికి
ఇంకా జవాబు లేదు.
తలుపు మీది కాగితం చించి కిందికి తెచ్చాను.
నాయర్ అందులో నాలుగు వడలు కట్టి
మునిరత్నం గారి చేతిలో పెట్టాడు.
ఒకటి కనకవల్లి లాక్కుంది.
నూనె పాకి, 'అందరికీ' ముందు కనబడకుండా పోయింది.